సెలైన్ ఆపిన రోజు

2023 ఫిబ్రవరి. తిరుపతిలో ఒక పెద్ద ఆస్పత్రి. పేరు రాయను. క్యాజువాలిటీ వెనక, పాత మందుల గోదాము ఖాళీ చేయించి ఆరు మంచాలు వేసిన గది ఒకటి ఉండేది. అదే మా పిల్లల ఎమర్జెన్సీ. అక్కడ నేను ఇన్‌చార్జి నర్సును. నా పేరు సుగుణ. మాది చిత్తూరు దగ్గర ఒక పల్లె. నర్సుగా చేరి అప్పటికి ఇరవై రెండేళ్లు. అందులో పద్నాలుగేళ్లు పిల్లల మంచాల మధ్యే గడిచాయి.

డాక్టర్లకు శిక్షణ ఇచ్చే చోట నర్సుకేం పని అని మీరు అడగొచ్చు. అప్పుడూ అడిగారు. ఒకాయన కాగితం మీద రాసి, సంతకం పెట్టి మరీ అడిగారు. ఎందుకు అడిగారో చెప్పాలంటే ముందు ఆ శిక్షణ సంగతి చెప్పాలి.

అంతకు రెండేళ్ల ముందు డాక్టర్ వసుంధర గారు మా ఆస్పత్రికి వచ్చారు. ఆమె పీడియాట్రిక్ ఎమర్జెన్సీ మెడిసిన్ మనిషి. ప్రాణం మీదికి వచ్చిన పసిబిడ్డను మొదటి గంటలో నిలబెట్టే విద్య అది. పిల్లల వైద్యంలో పీజీ పూర్తి చేసిన డాక్టర్లు మళ్లీ రెండేళ్లు ఈ ఒక్కదానిలోనే ఫెలోషిప్ అనే శిక్షణ పొందుతారు. మేడం వచ్చీరాగానే ఆ ఫెలోషిప్ మొదలుపెడతానన్నారు. పిల్లల డాక్టర్లు ఉండనే ఉన్నారు కదా, మళ్లీ ఈ కొత్త చదువు దేనికని అందరూ అడ్డం చెప్పారు.

"పెద్దవాళ్లు మెట్లు దిగినట్టు దిగజారుతారు. పిల్లలు గోడ మీద నడిచినట్టు బాగానే నడుస్తూ ఉండి, ఉన్నట్టుండి కిందపడతారు. పడబోయే ముందు కనిపెట్టే కన్ను కావాలి. అది పుస్తకంతో రాదు, మంచం పక్కన నిలబడితే వస్తుంది," అని మేడం ఓపిగ్గా చెప్పేవారు. ఎవరు వెక్కిరించినా అదే మాట. ఏడాదిన్నర తిరిగి ఒక్కటంటే ఒక్క సీటు తెచ్చుకున్నారు.

ఆ సీటులో చేరినవాడు డాక్టర్ ఇర్ఫాన్. పుంగనూరు అబ్బాయి. వాళ్ల నాన్న పరుపులు కుట్టే పనివాడు. సన్నగా, ఒద్దికగా ఉండేవాడు. చదువులో చురుకు. ఏ మందు ఏ బరువుకు ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. మొదటి రోజే మేడం అతన్ని నా దగ్గరికి తీసుకొచ్చి, "మొదటి నెల సిస్టర్ నేర్పుతారు. ఆమె చూడమన్నట్టు చూడు," అన్నారు. అతను మారు మాట్లాడకుండా తలూపాడు.

నేను నేర్పేది పెద్ద విద్యేమీ కాదు. బిడ్డను ముట్టుకోకముందే తలుపు దగ్గర నిలబడి చూడటం. బిడ్డ ఎట్లా ఉంది, ఊపిరి ఎట్లా తీస్తోంది, ఒంటి రంగు ఎట్లా ఉంది. ఈ మూడూ చూసి, చూసింది పైకి చెప్పాలి. డాక్టర్లు తలుపు తోసుకుని వస్తూనే స్టెతస్కోపు పెట్టేస్తారు. బిడ్డ బెదిరి ఏడుస్తుంది. ఆ ఏడుపులో సగం లక్షణాలు మునిగిపోతాయి. అందుకే నేను ఇర్ఫాన్‌ను తలుపు దగ్గరే ఆపేదాన్ని. వారం తిరక్కముందే అతనికి కన్ను కుదిరింది.

కుదరనిది ఇంకొకటి ఉంది. మేడం రోజూ మధ్యాహ్నం రబ్బరు బొమ్మతో డ్రిల్ పెట్టేవారు. డ్రిల్ అంటే ఉత్తుత్తి కేసు. బొమ్మను మంచం మీద పడుకోబెట్టి, తానే పెద్ద డాక్టరు వేషం వేసి, మధ్యలో కావాలని ఒక తప్పు ఆర్డరు ఇచ్చేవారు. శిక్షణలో ఉన్నవాడు దాన్ని పట్టుకుని, "ఆపండి" అనాలి. ఇర్ఫాన్ ఒక్కసారీ అనలేదు. తప్పని తెలిసినా అట్లాగే చేసేవాడు.

మూడోసారి నేను ఊరుకోలేకపోయాను. "ఆ మందు ఎక్కువని నీకు తెలుసు గదప్పా? మరెందుకు ఇచ్చినావు?"

"మేడం చెప్పినారు గదా సిస్టర్."

"మేడం తప్పు చెప్తే?"

అతను నేల చూపులు చూశాడు. "పెద్దోళ్లకు ఎదురు చెప్పేది నాకు రాదు సిస్టర్. మా అబ్బాజాన్ ముందర మేము కుర్చీలో గూడా కూర్చోము. అట్ల పెరిగినోళ్లము."

అప్పుడు అతనికి నా కథ చెప్పాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద డాక్టరు ఫిట్స్ బిడ్డకు రాసిన డోసు, ఆ బిడ్డ బరువుకు ఎక్కువని నాకు తెలిసింది. సిరంజిలోకి మందు లాగుతూ రెండుసార్లు చీటీ చూశాను. నోరు విప్పలేదు. ఇచ్చేశాను. బిడ్డకు ఊపిరి ఆగి మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. దేవుడి దయ, బతికింది. ఆ మూడు రోజులూ నేను ఆ వార్డులోకి తల ఎత్తి పోలేకపోయాను. ఎవరూ నన్నేమీ అనలేదు. చీటీ మీద ఉన్నది నా సంతకం కాదు కదా.

"ఎవరూ ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ కాల్చింది," అన్నాను. ఇర్ఫాన్ బొమ్మను తుడిచి పెట్టెలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పది రోజులకు వచ్చింది ఆ కేసు.

ఉదయం పది దాటింది. ఆ రోజు మేడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు క్లాసు చెప్పడానికి చిత్తూరు పోయారు. వార్డులో ఇర్ఫాన్, నేను, మరో ఇద్దరు నర్సులం ఉన్నాం. పాకాల వైపు నుంచి 108 వచ్చింది. మూడేళ్ల ఆడపిల్ల, పేరు మోక్షిత. తల్లి గౌరి చంకనెత్తుకుని పరుగున లోపలికి వచ్చింది. చీర కుచ్చిళ్లకు చెరుకు పిప్పి అంటుకుని ఉంది. వెనకాలే అంబులెన్సు మనిషి సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని వచ్చాడు. సీసా గొట్టం పూర్తిగా తెరిచి ఉంది, నీళ్లు ధారగా దిగుతున్నాయి. పాకాలలో ఎవరో రాసిచ్చిన చీటీలో 'వాంతులు, డీహైడ్రేషన్, షాక్' అని ఉంది. అంటే ఒంట్లో నీళ్లు ఆరిపోయి రక్తప్రసరణ పడిపోయిందని.

ఇర్ఫాన్ తలుపు దగ్గరే ఆగి చూశాడు. నేనూ చూశాను. బిడ్డ కుదురుగా లేదు, మెలికలు తిరుగుతోంది. ఊపిరి వేగంగా ఉంది. రంగు పాలిపోయింది. కానీ నుదుటి మీద చెమట ముత్యాల్లా నిలిచి ఉంది. మూతి చుట్టూ చొంగ కారుతోంది. నీళ్లు ఆరిపోయిన బిడ్డకు నోరు ఎండాలి. ఈ బిడ్డ గౌను మెడ అంతా తడిసిపోయి ఉంది.

నేను నోరు తెరవబోయేంతలో పెద్ద సార్ లోపలికి వచ్చారు. పిల్లల విభాగంలో అందరికన్నా సీనియర్ ఆయన. రౌండ్స్ నుంచి అటుగా పోతూ అంబులెన్సు చూసి ఆగారు. ఆయన చెడ్డ డాక్టరు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఈ జిల్లాలో ఎన్నో ఇళ్లలో పిల్లలు ఆయన చేతి చలవ వల్ల తిరుగుతున్నారు. మా ఫెలోషిప్ మాత్రం ఆయనకు మొదటి నుంచీ గిట్టదు. చీటీ చదివారు. బిడ్డ చేయి పట్టుకున్నారు. చేయి మంచుముక్కలా ఉంది.

"షాక్‌లో ఉంది. ఇంకో బోలస్ తొయ్యండి, తొందరగా," అన్నారు.

బోలస్ అంటే సెలైన్‌ను సిరంజితో ఒక్కసారిగా రక్తంలోకి తోయడం. నీళ్లు ఆరిన బిడ్డకు అదే ప్రాణం. గుండె దెబ్బతిన్న బిడ్డకు అదే ఊపిరితిత్తుల్లో వరద.

"సార్, నోరు తడిగా ఉండాది. చెమట పడతా ఉండాది," అన్నాను.

"సిస్టర్, మీ పని మీరు చూడండి."

సిరంజి నా చేతిలోనే ఉంది. నేను నింపలేదు. ఇర్ఫాన్ వైపు చూశాను. అతను బిడ్డ వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింటున్నాడు. తర్వాత పక్కటెముకల కింద వేళ్లు పెట్టి తడిమాడు. కాలేయం ఉబ్బింది. చిన్న పిల్లలకు చుట్టే పట్టీతో బీపీ చూశాడు. షాక్ అన్న బిడ్డకు బీపీ పెద్దవాళ్లకన్నా ఎక్కువ ఉంది. అతని చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది.

"తొయ్యమంటే వినపడలేదా?" అని పెద్ద సార్ రెండో నర్సు మీద గట్టిగా అరిచారు. ఆ పిల్ల బెదిరి సీసా అందుకుంది.

"ఆపండి సార్."

ఇర్ఫాన్ గొంతు చిన్నదే. కానీ గదిలో అందరికీ వినబడింది.

"ఏమన్నావు?"

"నీళ్లు ఆపండి సార్. ఊపిరితిత్తుల అడుగున గురగుర వినపడతా ఉంది. బీపీ ఎక్కువ ఉంది. ఇది డీహైడ్రేషన్ కాదు. ఇంకా నీళ్లు తోస్తే బిడ్డ మునిగిపోతాది."

"నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"తెలుసు సార్." ఇర్ఫాన్ చేతులు వణుకుతున్నాయి. మాట వణకలేదు. "తెలిసే చెప్తున్నాను. ఆపండి."

నేను చేయి చాచి సెలైన్ గొట్టం చక్రం పూర్తిగా తిప్పేశాను. ధార ఆగింది.

పెద్ద సార్ ముఖం కందిపోయింది. "బిడ్డకు ఏమన్నా అయితే మీదే బాధ్యత. నేను కేస్ షీట్‌లో రాసిపోతాను," అన్నారు. నిలబడే రాశారు. ఇర్ఫాన్ షీట్ అందుకుని ఆయన రాసిన దాని కిందనే రాశాడు: సెలైన్ ఆపింది నేను, కారణం ఇది, టైము ఇది. సంతకం పెట్టాడు. డాక్టరు నిర్ణయం కింద నర్సు సంతకం పెట్టే పద్ధతి లేదు. నేను పెట్టాను. పెద్ద సార్ షీట్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయారు.

ఇర్ఫాన్ తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, పొద్దున బిడ్డ యాడ ఉండింది? మొట్టమొదట ఏమయింది? నిదానంగా చెప్పు."

"బెల్లం గానుగ కాడ సార్. మేము ఆడ కూలికి పోతాము. పిప్పి కుప్ప పక్కన గోనెసంచి పరిచి పండుకోబెట్టినా. ఉన్నట్టుండి కెవ్వుమన్నాది. ఎత్తుకుంటే ఊరుకోలా. గండుచీమ గింట కుట్టిందేమో అనుకుంటిమి. ఆమీట వాంతులు పట్టుకున్యాయి."

ఇర్ఫాన్ బిడ్డ కాళ్లు రెండూ చేతుల్లోకి తీసుకుని వేలు వేలూ మెల్లగా తట్టుకుంటూ వచ్చాడు. కుడికాలి మడమ దగ్గర తట్టగానే బిడ్డ గొంతు చించుకుని కాలు లాక్కుంది. మచ్చ కూడా కనబడలేదు. మళ్లీ తట్టాడు. మళ్లీ అదే కేక.

"తేలు," అన్నాడు నాతో.

గౌరి విన్నది. మంచం చట్టం పట్టుకుని కిందికి జారిపోయింది. "తేలా సార్? నా బిడ్డ సచ్చిపోతాదా? నేనే ఆడ పండుకోబెడితినే!"

"నువ్వు బిడ్డ తలకాడ నిలబడమ్మా. నీ గొంతు దానికి వినపడల్ల," అని ఆమెను లేపి నిలబెట్టాను.

ఎర్రతేలు విషం పెద్దవాళ్లను నొప్పితో ఏడిపిస్తుంది. పిల్లల్లో గుండె మీదికి పోతుంది. రక్తనాళాలన్నీ బిగుసుకుపోతాయి. బిగిసిన నాళాల్లోకి రక్తం తోయలేక గుండె అలసిపోతుంది. అందుకే చేతులు చల్లబడతాయి, చూసేవాళ్లకు షాక్ అనిపిస్తుంది. దానికి ప్రాజోసిన్ అని చిన్న మాత్ర ఉంది. పెద్దవాళ్లకు బీపీకి వాడేదే. నాళాలను వదులు చేస్తుంది. మాత్ర నూరి, నీళ్లలో కలిపి, ముక్కు గొట్టం ద్వారా ఇచ్చాం. తేలు విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఫార్మసీ నుంచి పరుగున తెప్పించాం. తల వైపు మంచం ఎత్తి, ఆక్సిజన్ పెట్టాం. ఇర్ఫాన్ మేడంకు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. "సరిగ్గా చేశావు. మంచం పక్క నుంచి కదలకు. బయలుదేరుతున్నా," అన్నారామె.

మందు పడగానే బిడ్డ లేచి కూర్చుందని రాస్తే అబద్ధమవుతుంది. పదకొండున్నరకు ఇంకా దిగజారింది. నోటి దగ్గర గులాబి రంగు నురగ కనబడింది. అప్పటికే ఊపిరితిత్తుల్లోకి చేరిన నీరు అది. బీపీ పడిపోవడం మొదలయింది. ఇర్ఫాన్ గుండెకు బలమిచ్చే మందు సన్నధారగా పెట్టి, మాస్కుతో ఒత్తిడిగా గాలి ఇవ్వడం మొదలుపెట్టాడు. "నేను తప్పు చేసినానేమో సిస్టర్," అన్నాడు నా పక్కకు వంగి, తల్లికి వినబడకుండా.

"ఆ నురగ చూడు. ఇంకో సీసా తోసి ఉంటే ఏమయ్యేది?" అన్నాను. ధైర్యం చెప్పడానికి అన్నాను గానీ ఏం జరగబోతుందో నాకూ తెలియదు.

మేడం పన్నెండున్నరకు వచ్చారు. ఎకో మిషన్‌తో గుండె చూశారు. సగం బలంతో కొట్టుకుంటోంది. ఇర్ఫాన్ పెట్టిన మందుల్లో ఒక్కటీ మార్చలేదు. ఆ తర్వాత మాకు మిగిలింది కాచుకోవడమే. గంటగంటకూ బిడ్డ పాదం పట్టుకుని చూస్తూ కూర్చున్నాం. నాలుగవుతుండగా కాలి వేళ్లలోకి కాస్త వెచ్చదనం వచ్చింది. నేను గౌరి చేయి తీసుకుని ఆ పాదం మీద పెట్టాను. ఆమె పట్టుకుని అట్లాగే కూర్చుంది. మూడో రోజు పొద్దున మోక్షిత ఆక్సిజన్ మాస్కు పీకి పారేసి ఇడ్లీ అడిగింది.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాం. వారం తర్వాత మేడంకు, ఇర్ఫాన్‌కు, నాకు, ముగ్గురికీ మెమోలు వచ్చాయి. సీనియర్ ఆర్డరు ధిక్కరించారు, సంజాయిషీ ఇవ్వండి అని. నా మెమోలో ఇంకో వాక్యం ఎక్కువ ఉంది: 'డాక్టర్లకు శిక్షణ ఇచ్చే అర్హత నర్సుకు ఎవరిచ్చారు?' కింద పెద్ద సార్ సంతకం.

ఆఫీసు మనిషి ఒకాయన మంచి మాటగా చెప్పాడు. "క్షమించమని రెండు ముక్కలు రాసివ్వండమ్మా, ఆడితో పోతాది. లేకపోతే సీటే తీసేస్తారు." ఇర్ఫాన్ నిజంగానే రాశాడు. కాగితం తెచ్చి నాకు చూపించాడు. "నా వల్ల మేడం కష్టపడింది పోకూడదు సిస్టర్."

"ఏ తప్పుకు క్షమించమని రాసినావు?" అని అడిగాను.

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇవ్వలేదు.

మీటింగు రోజు ముగ్గురం పోయాం. బల్ల చుట్టూ ఐదుగురు పెద్దలు. డాక్టర్లిద్దరికీ కుర్చీలు వేశారు. నాకు లేదు. గోడ పక్కనున్న కుర్చీ నేనే లాక్కుని కూర్చున్నాను. మేడం కేస్ షీట్, ఎకో రిపోర్టు బల్ల మీద పెట్టారు. పెద్ద సార్ అవి ముట్టుకోలేదు.

"బిడ్డ బతికింది, సంతోషం. నేను మాట్లాడేది క్రమశిక్షణ గురించి," అన్నారు. "రేపు ప్రతి జూనియరూ ఇట్లా నోరెత్తితే ఆస్పత్రి నడుస్తుందా?"

ఇర్ఫాన్ లేచి నిలబడ్డాడు. "సార్, మీరంటే నాకు గౌరవమే. మీరు రాసిన నోట్సు చదివే పీజీ పాసైనాను. కానీ ఆ పొద్దు నేను నోరు మూసుకుని ఉంటే, బిడ్డ చచ్చిపోయేది. మీకూ ఆ పాపం చుట్టుకునేది. క్షమాపణ రాయలేను సార్. సీటు తీసేస్తే తీసేయండి."

తర్వాత అందరూ నా వైపు తిరిగారు. నేను రాత్రంతా జవాబు తయారు చేసుకున్నాను గానీ అక్కడ అదేదీ గుర్తు రాలేదు.

"అర్హత ఎవరిచ్చినారని అడిగినారు సార్," అన్నాను. "కాగితం మీద ఎవరూ ఇయ్యలేదు. మీరు రౌండ్స్ చేసిపోయినాక ఇరవై మూడు గంటలు ఆ బిడ్డల పక్కన ఉండేది మేమే. ఏ బిడ్డ ఎట్ల చెడతాదో మా కండ్లకు తెలుసు. ఆ తెలిసింది కొత్తగా వచ్చే డాక్టర్లకు చెప్పొద్దంటే నేను వినను. ఈ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చెప్తానే ఉంటాను."

మమ్మల్ని బయటికి పొమ్మన్నారు.

గెలిచామని చెప్పను. క్షమాపణ మేం ఇవ్వలేదు, వాళ్లు మళ్లీ అడగలేదు. ఇర్ఫాన్ సీటు నిలిచింది. కానీ మరుసటి ఏడాది కొత్త సీటు ఇవ్వలేదు. మేడం డ్రిల్ మానలేదు. డాక్టరు లేకపోతే నర్సులతో పెట్టారు. పక్క వార్డుల నర్సులు తిండి తొందరగా ముగించుకుని వచ్చి నిలబడేవారు. ఆ తర్వాతి ఏడాది రెండు సీట్లు వచ్చాయి. ఇర్ఫాన్ ఇప్పుడు మదనపల్లె వైపు పిల్లల ఎమర్జెన్సీ చూస్తున్నాడు, అక్కడి డాక్టర్లకు నేర్పుతున్నాడు. పెద్ద సార్ రిటైరయ్యేదాకా నాతో మాట్లాడలేదు. ఎదురుపడినప్పుడు నేను నమస్కారం పెట్టడం మానలేదు, ఆయన తీసుకున్నదీ లేదు.

ఆ కేసు నాకు తేలు గురించి నేర్పిందేమీ లేదు. మా పల్లెలో పుట్టినవాళ్లకు తేలు కొత్త కాదు. నేను నేర్చుకున్నది వేరే. ఎదురు చెప్పే ధైర్యం కొందరికి పుట్టుకతో వస్తుందని అంతకుముందు అనుకునేదాన్ని. కాదు. సూది గుచ్చడం నేర్పినట్టే దాన్నీ నేర్పాలి, రోజూ చేయించాలి, వణికే చేతులతో చేసినా ఒప్పుకోవాలి. నేర్పేవాళ్లు దానికి మినహాయింపు కాదని కూడా తెలియాలి. పోయిన నెల కొత్తగా చేరిన డాక్టరమ్మ ఒకామె, నేను మందు కలుపుతుంటే అందరి ముందు నా మణికట్టు పట్టుకుంది. "సిస్టర్, అది బిడ్డ పాత బరువు. ఈ రోజు తూచింది చూడండి," అంది. ముఖం మండిపోయింది నాకు. ఇరవై నాలుగేళ్ల అనుభవం నాది, ఆమెకు ఇంకా వారం నిండలేదు. షీట్ చూశాను. ఆమె చెప్పిందే సరి. సిరంజి పక్కన పడేసి, మళ్లీ మొదటి నుంచి కలిపాను.